పరాయి ఆకాశంలో మన మాట

అమెరికాలో ‘రెసిడెంటు’ అనే మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. ఆసుపత్రిలో రెసిడెంటు అంటే, పట్టా పుచ్చుకొని కూడా పెద్ద డాక్టర్ల కనుసన్నలలో రాత్రింబవళ్ళు పనిచేసే కుర్ర వైద్యుడు. పన్నుల శాఖవారి లెక్కలో రెసిడెంటు అంటే, ఈ గడ్డమీద తగినన్ని రోజులు గడిపాడు గనుక లోకంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పవలసినవాడు. ఇమిగ్రేషన్ వారి భాషలో అయితే, ఉండిపోవడానికి అనుమతి పొందినవాడు. మొదటి అర్థంలో చాకిరీ ఉంది, రెండవ అర్థంలో పన్ను ఉంది, మూడవ అర్థంలో అనుమతి ఉంది. ఈ దేశానికి ఉమ్మడిగా ఉన్న దానిలో మనకూ ఒక వాటా ఉన్నదా లేదా అన్న సంగతి మాత్రం ఈ మూడింటిలోనూ తేలదు.

నాకు ఆ సంగతి కాస్త తేలిన చోటు ఎవరూ ఊహించనిది. అది అమెచ్యూర్ రేడియో లైసెన్సు. నా వృత్తికీ దానికీ సంబంధం లేదు. కాని ఆ లైసెన్సు కోసం నియమాలు చదువుతున్నప్పుడు, పరాయి దేశంలో బతికే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు తనలో తాను వేసుకొనే ప్రశ్న ఒకటి ఆ పొడి పొడి చట్టపు వాక్యాలలో కనిపించింది. మనిషి తాను పుట్టని చోట, నలుగురికీ చెందిన ఆకాశంలోకి మాట్లాడే హక్కు దేనివల్ల పొందుతాడు? పుట్టుకవల్లనా? తన ప్రభుత్వం కుదుర్చుకొన్న ఒప్పందంవల్లనా? లేక తాను మోయడానికి ఒప్పుకొన్న బాధ్యతవల్లనా? నా సమాధానం మూడవది. ఎందుకో ఈ వ్యాసంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు తెలియనివారి కోసం రెండు మాటలు. అమెచ్యూర్ రేడియో అంటే సొంత యంత్రంతో, సొంత తీగతో, డబ్బు ఆశించకుండా, నేర్చుకోవడం కోసమూ తోటివారితో మాట్లాడడం కోసమూ చేసే రేడియో సంభాషణ. దీనినే హామ్ రేడియో అంటారు. ఆకాశవాణిలాగా ఒకరు చెబితే లక్షమంది వినేది కాదు. ఒకరు పిలిస్తే మరొకరు పలికేది. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకిరణాల ధాటికి విద్యుదావేశం పొందిన పొరలు ఉన్నాయి. షార్ట్ వేవ్ తరంగాలు అక్కడికి పోయి వంగి, మళ్ళీ నేలకు దిగుతాయి. నేలను తాకి మళ్ళీ పైకి పోతాయి. ఇలా రెండు మూడు గెంతులలో సముద్రాలు దాటుతాయి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర, వంద వాట్ల శక్తితో, పెరట్లో రెండు చెట్లకు కట్టిన తీగతో, సూర్యుడు అనుకూలించిన వేళ ఒహాయో నుంచి హైదరాబాదుకు మాట చేరుతుంది. వంద వాట్లు అంటే మన చిన్నప్పటి పెద్ద బల్బు ఒకటి తినే కరెంటు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. పొలానికి గట్టు వేయవచ్చు, ఇంటికి ప్రహరీ కట్టవచ్చు, తరంగానికి కట్టలేము. నా పెరట్లో మొదలైన మాట ఎవరి వాకిట్లోనో దిగుతుంది. ఒకే చోట ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకనే 1865 లో తంతి తీగల కోసం పుట్టిన అంతర్జాతీయ సంఘం తరువాత రేడియో తరంగాల పంపకం కూడా నెత్తిన వేసుకొన్నది. అందుకనే 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిన నాలుగు నెలలకు అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం చేసి, పంపేవారందరూ లైసెన్సు తీసుకోవాలన్నది. అంతకుముందు ఎవరికి తోచినట్లు వారు పంపేవారు. చేపల బజారులో లాగా ఎవరి కేక వారిది.

లైసెన్సు అవసరమని ఒప్పుకొన్నాము. మరి ఎవరికి ఇవ్వాలి? ఈ ప్రశ్నకు అమెరికా నలభై ఏళ్ళలో నాలుగు సమాధానాలు చెప్పింది. ఆ నాలుగు మెట్లూ వరుసగా చూడదగినవి.

మొదటి మెట్టు 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం. లైసెన్సు పౌరులకే. ఇంటి బిడ్డలకు తప్ప ఇంకెవరికీ వంటింటి ప్రవేశం లేదన్నట్లు. దీనిని కేవలం సంకుచితత్వమని కొట్టివేయలేము. మొదటి ప్రపంచయుద్ధంలో 1917 లోనూ, రెండవదానిలో 1941 డిసెంబరు తరువాతా సొంత పౌరుల అమెచ్యూర్ స్టేషన్లనే మూయించిన ప్రభుత్వం అది. గూఢచారి చేతిలో రేడియో ఏమి చేయగలదో వారికి తెలుసు.

రెండవ మెట్టు 1964. ఆ ఏడాది మే నెలలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం, విదేశీ అతిథులకు తలుపు తెరిచింది. దాని వెనుక నిలబడినవాడు అరిజోనా సెనేటరు బారీ గోల్డ్‌వాటర్. ఆయన కూడా అమెచ్యూరే, ఆయన పిలుపుపేరు కె 7 యు జి ఎ. ఆ నవంబరులో వారిద్దరూ అధ్యక్ష పదవికి ఒకరిమీద ఒకరు పోటీ చేశారు. ఈ విషయంలో మాత్రం ఇద్దరి చేయీ పడింది. అయితే తలుపుకు ఒక గొళ్ళెం ఉంది. అతిథి తన దేశంలో లైసెన్సు పొందినవాడై ఉండాలి. ఆ దేశం అమెరికా పౌరులకు అదే మర్యాద చేయాలి. మీ ఇంట్లో మాకు పీట వేస్తే, మా ఇంట్లో మీకు పీట వేస్తాము అన్నమాట. దీనిని పరస్పరత అందాము.

ఈ మెట్టు మీద ఒక వింత జరిగింది. ఒప్పందం ఉన్న దేశంనుంచి రెండు వారాల విహారానికి వచ్చినవాడు ఇక్కడ రేడియోలో మాట్లాడవచ్చు. ఒప్పందం లేని దేశంనుంచి వచ్చి, పదేళ్ళుగా ఇక్కడే ఉంటూ, పన్నులు కడుతూ, పిల్లలను ఇక్కడి బడికి పంపుతున్నవాడు మాత్రం మాట్లాడరాదు. చుట్టపుచూపుగా వచ్చినవాడికి విస్తరి వేసి, ఇంట్లో ఉన్నవాడిని అరుగుమీద కూర్చోబెట్టినట్లు. చట్టం చేసినవారిలో దుర్బుద్ధి లేదు. మనిషిని చూడకుండా మనిషి వెనుక ఉన్న ప్రభుత్వాన్ని చూసినందువల్ల వచ్చిన వింత ఇది.

మూడవ మెట్టు 1971. శాశ్వత నివాసానికి అనుమతి పొంది, పౌరుడిని అవుతానని రాతపూర్వకంగా చెప్పుకొన్నవారికి లైసెన్సు ఇవ్వవచ్చు అన్నారు. దీనిని నేను ఇల్లరికపు అల్లుడి మెట్టు అంటాను. ఈ ఇంట్లోనే ఉండిపోతానని మాట ఇస్తేనే పెత్తనంలో భాగం. నాలుగవ మెట్టు 1974. ఆ ఏడాది చివర వచ్చిన సవరణతో పౌరసత్వపు అడ్డు తొలగింది. ఇప్పుడు అమెరికా నియమావళి ప్రకారం అమెచ్యూర్ లైసెన్సుకు పనికిరానివాడు ఒక్కడే: పరాయి ప్రభుత్వపు ప్రతినిధి. మిగిలినవారు పౌరులా కారా, వచ్చి ఎన్నాళ్ళయింది, ఎన్నాళ్ళుంటారు అన్న విచారణ లేదు.

ఈ ఒక్క మినహాయింపులో నీతి ఏమిటో గమనించండి. ‘నువ్వు ఎక్కడ పుట్టావు’ అని చట్టం అడగడం లేదు. ‘నువ్వు మాట్లాడేటప్పుడు ఆ గొంతు నీదేనా’ అని అడుగుతున్నది. తన తరఫున తాను మాట్లాడేవాడు, ఏ దేశంవాడైనా, రావచ్చు. ఒక రాజ్యం తరఫున మాట్లాడేవాడికి వేరే దారులున్నాయి. నలభై ఏళ్ళు తర్జనభర్జన పడి ఈ దేశం తేల్చుకొన్నది ఇదీ: అనుమానించవలసినది పరాయితనాన్ని కాదు.

ఇప్పటి పద్ధతిలో ఇద్దరికి రెండు ద్వారాలు ఉన్నాయి. అతిథి ద్వారం ఇలా ఉంటుంది. భారతదేశంలో లైసెన్సు ఉన్న భారత పౌరుడు ఇక్కడికి వస్తే, ఆ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉన్నది గనుక, ఏ దరఖాస్తూ పెట్టకుండా మాట్లాడవచ్చు. తన దేశం ఇచ్చిన హక్కులను మించరాదు. ఇక్కడి పై తరగతి లైసెన్సుదారుడి హక్కులను కూడా మించరాదు. పిలుపుపేరు చెప్పేటప్పుడు ముందు డబ్ల్యు అక్షరమూ తానున్న ప్రాంతపు అంకే చెప్పి, ఆ తరువాత ‘వి.యు.’తో మొదలయ్యే తన సొంత పేరు చెప్పాలి. సంభాషణలో ఒక్కసారైనా తాను ఏ ఊరి దగ్గర, ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఇంగ్లీషులో చెప్పాలి. మంచి మర్యాదే. పొరుగూరివాడు మన ఊరి రచ్చబండ దగ్గర కూర్చొంటే ‘ఎవరి తాలూకు, ఎక్కడ దిగారు’ అని అడగమూ?

నివాసి ద్వారం పరీక్ష. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దగ్గర ఒక నమోదు సంఖ్య తీసుకోవాలి. ముగ్గురు స్వచ్ఛంద పరీక్షకుల ఎదుట కూర్చొని రాయాలి. 1980 ల తొలి సంవత్సరాల వరకు ప్రభుత్వోద్యోగులే పరీక్ష పెట్టేవారు. ఆ తరువాత ఆ పని అమెచ్యూర్లకే అప్పగించారు. మొదటి తరగతి టెక్నీషియన్: 35 ప్రశ్నలు, 26 సరిగా రాస్తే చాలు. రెండవది జనరల్, దానికీ అంతే. మూడవది ఎక్స్‌ట్రా: 50 ప్రశ్నలు, 37 కావాలి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర గొంతు పంపాలంటే జనరల్ దాకా పోక తప్పదు. ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే అచ్చు వేసి అందరికీ ఇస్తారు, రహస్యం లేదు. 2007 ఫిబ్రవరినుంచి మోర్స్ కోడ్ పరీక్ష కూడా లేదు. ప్రభుత్వపు రుసుము 2022 ఏప్రిల్‌నుంచి 35 డాలర్లు, పరీక్ష పెట్టేవారి ఖర్చుకు మరికొంత. లైసెన్సు పదేళ్ళు చెల్లుతుంది.

నేను ఒక శనివారం పొద్దున పబ్లిక్ లైబ్రరీ గదిలో పరీక్ష రాశాను. పరీక్షకులలో పెద్దాయన నా పాస్‌పోర్టు తీసుకొని ఇంటిపేరూ పేరూ అక్షరం అక్షరం సరిచూసి రాసుకొన్నాడు. నా వీసా కాగితం చూపిస్తే, ‘అది మాకు అవసరం లేదు’ అని వెనక్కి ఇచ్చాడు. ఈ దేశంలో నా వీసా కాగితం అవసరం లేదన్న కుర్చీ ముందు కూర్చోవడం నాకు అదే మొదటిసారి. ఆ పక్క బల్లమీద పదమూడేళ్ళ పిల్లవాడొకడు అదే పరీక్ష రాస్తున్నాడు. అతడు ఇక్కడే పుట్టినవాడు. అతడి ప్రశ్నపత్రం నా ప్రశ్నపత్రం కంటే తేలిక కాదు, నాది అతడిదానికంటే కష్టం కాదు.

ఈ రెండు ద్వారాలలో ఏది గౌరవప్రదమైనది? పైకి చూస్తే అతిథి ద్వారమే. పరీక్ష లేదు, రుసుము లేదు. కాని ఆలోచిస్తే అక్కడ నా హక్కు నాది కాదు. రెండు రాజధానుల మధ్య కుదిరిన మాటకు అది నీడ. రేపు ఆ రెండు ప్రభుత్వాలకూ చెడితే, నేను చేసిన తప్పేమీ లేకుండానే నా గొంతు ఆగిపోతుంది. పరస్పరత ప్రభుత్వాలకు తగిన న్యాయం. మనుషులకు అది చాలదు. పక్కింటివాడు మా నాన్నను పెళ్ళికి పిలవలేదు గనుక, వాళ్ళబ్బాయికి జ్వరం వస్తే నేను మందు రాయను అన్నట్లు ఉంటుంది. తండ్రుల లెక్కలు పిల్లల ఖాతాలో రాయకూడదు.

ఇక్కడ తోటి డాక్టర్లు నన్ను నిలదీయవచ్చు. ‘పరీక్షను అంత పొగుడుతున్నావు, మన సంగతేమిటి? అక్కడ పదేళ్ళు ప్రాక్టీసు చేసి వచ్చినవాడిని కూడా మళ్ళీ పరీక్షలకు కూర్చోబెట్టి, మళ్ళీ రెసిడెన్సీ చేయించే దేశం కదా ఇది? రేడియో లైసెన్సును గౌరవించిన దేశం వైద్యపట్టాను ఎందుకు గౌరవించదు?’ న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. నా రేడియో చెడిపోయి ఎవరికైనా అడ్డు తగిలితే, ఒక్క మాటతో నన్ను ఆపవచ్చు. ఆగిన వెంటనే నష్టం కూడా చాలామట్టుకు ఆగుతుంది. మందు తప్పితే అలా కాదు. పైగా, నా మాట వినే అమెచ్యూరు ఇష్టం లేకపోతే మీట తిప్పుకొని పోగలడు. ఆపరేషను బల్లమీద పడుకొన్న రోగి లేచి పోలేడు. ఎదుటివాడికి తప్పించుకొనే వీలు ఎంత తక్కువగా ఉంటే, మనకు పరీక్ష అంత గట్టిగా ఉండాలి. ఆ పరీక్షలు ఎన్నిసార్లు, ఎంత ఖర్చుతో పెట్టాలన్నది వేరే చర్చ. అందులో నా అభిప్రాయం మీలో చాలామంది అభిప్రాయమే. కాని పరీక్ష ఉండడమే అవమానం అనుకోవడం సరికాదు. అందరికీ ఒకటే పరీక్ష అయితే అది అవమానం కాదు. పరాయివాడికి మాత్రమే పెట్టేది అవమానం.

పరీక్ష పాసైన తరువాత మోయవలసిన బాధ్యతలు నాలుగు. నా వాదమంతా వాటిమీద నిలిచి ఉంది గనుక కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది, పేరు దాచకూడదు. సంభాషణ ముగిసినప్పుడూ, సాగుతున్నంతసేపూ పది నిమిషాలకు మించకుండా, పిలుపుపేరు చెబుతూ ఉండాలి. ఆ పేరు పట్టుకొని కమిషన్ వారి జాబితాలో నా పూర్తి పేరూ చిరునామా ఎవరైనా చూడవచ్చు. రెండవది, మాట దాచకూడదు. అర్థం తెలియకుండా చేసే ఉద్దేశంతో రహస్య సంకేతాలు వాడకూడదు. మూడవది, డబ్బు పుచ్చుకోకూడదు. ఈ మాటల ద్వారా వ్యాపారం చేయకూడదు. నాలుగవది, తోటివారికి దారి ఇవ్వాలి. ఏ అంకె దగ్గరా ఏ ఒక్కరికీ సొంత హక్కు లేదు. ఆపదలో ఉన్నవాడి పిలుపు వినిపిస్తే మిగిలినవారు తప్పుకోవాలి.

భాష సంగతి ఈ నాలుగింటిలో లేదు, గమనించారా? పిలుపుపేరు ఇంగ్లీషులో చెప్పాలి. మిగిలిన మాటలు ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. హైదరాబాదులో ఉన్న అమెచ్యూరుతో గోంగూర పచ్చడి గురించి అచ్చ తెలుగులో అరగంట మాట్లాడవచ్చు. రహస్యం కాదు గనుక అభ్యంతరం లేదు. మధ్యమధ్య మాత్రం, నేనెవరినో ఇక్కడివారికి తెలిసే భాషలో చెప్పాలి. మన పిల్లల విషయంలో ఇంట్లో ఏ భాష, బయట ఏ భాష అని మనం ఈ పత్రికలో ఎన్నోసార్లు తలలు బద్దలుకొట్టుకొన్నాము. ఆ చట్టపు వాక్యంలో నాకు ఒక మంచి సర్దుబాటు కనిపించింది. నీ మాట నీ భాషలో చెప్పుకో. నీ ఉనికి మాత్రం పొరుగువాడికి అర్థమయ్యేట్లు చెప్పు. ఆతిథ్యం ఇచ్చిన ఇంటికి అంతకంటే తక్కువ ఇవ్వడం న్యాయం కాదు, అంతకంటే ఎక్కువ అడగడం వారికీ న్యాయం కాదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వమే అన్యాయమైనదైతే? 1942 లో క్విట్ ఇండియా రోజులలో ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో కాంగ్రెస్ రేడియో నడిపారు. లైసెన్సు లేదు. చోటు చెప్పలేదు, పోలీసులకు దొరకకుండా ఇళ్ళు మారుస్తూ, నవంబరులో పట్టుబడేదాకా మాట్లాడారు. నేను చెప్పిన మొదటి నియమాన్నే వారు తప్పారు. వారిది తప్పా? కాదు. ఎందుకంటే వారికి ఆ ఆకాశంలోకి న్యాయమైన ద్వారమే లేకుండా చేశారు. యుద్ధం రాగానే వలస ప్రభుత్వం దేశంలోని అమెచ్యూర్ల యంత్రాలను కూడా అప్పగించమన్నది. బాధ్యత అడిగేవాడు ముందు ద్వారం చూపించాలి. ద్వారం మూసి, గోడ దూకావని నిందించకూడదు. కాని ద్వారం తెరిచి ఉన్నచోట, 35 ప్రశ్నల దూరంలో లైసెన్సు ఉన్నచోట, పేరు చెప్పకుండా దొంగతనంగా మాట్లాడేవాడికి ఉషా మెహతా పేరు ఎత్తే అర్హత లేదు.

ఇప్పుడు మన గుండెకు దగ్గర సంగతి. మన సంఘంలోని మిత్రుడొకాయన ఇంజనీరు. కాలేజీ రోజులలో హైదరాబాదులో లైసెన్సు తీసుకొన్న పాత అమెచ్యూరు. కొన్నాళ్ళ క్రితం ఇక్కడి పౌరసత్వం తీసుకొన్నాడు. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు గనుక అక్కడిది పోయింది. సెలవులకు ఇంటికి పోతూ రేడియో పట్టుకుపోదామని నియమాలు తిరగేసి చిన్నబుచ్చుకొన్నాడు. 1978 నాటి భారత అమెచ్యూర్ నియమాలు లైసెన్సు పౌరులకు అన్నాయి. విదేశీయుడైతే పరస్పరత ప్రకారం ఢిల్లీకి దరఖాస్తు పెట్టుకోవాలన్నాయి. ‘మా నాన్న కట్టిన డాబామీద, నేను పదేళ్ళ వయసులో గాలిపటం ఎగరేసిన డాబామీద, తీగ కట్టడానికి నేను విదేశీయుడినట, డాక్టరు గారూ. అతిథి ద్వారంలో నిలబడాలట’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వు చూడడానికి బాగాలేదు.

ఆయన బాధను నేను తేలిక చేయడం లేదు. కాని ఆయనకు చెప్పిన సమాధానమే ఇక్కడా చెబుతాను. పుట్టుకవల్ల హక్కు వస్తుందన్న వాదాన్ని ఇక్కడ మనం ఒప్పుకోము. ‘మేము ఇక్కడ పుట్టలేదు, అయినా మాకూ వాటా ఉండాలి’ అంటాము. అదే నోటితో అక్కడికి పోయి, ‘మేము ఇక్కడ పుట్టాము, అందుకని వాటా ఉండాలి’ అంటే రెండు చోట్లా రెండు తూకపురాళ్ళు వాడినట్లు అవుతుంది. ఇక్కడి చట్టం కూడా ఈ విషయంలో నిష్పక్షపాతంగానే ఉంది. అమెరికా పౌరుడికి మరో దేశపు పౌరసత్వమూ లైసెన్సూ ఉన్నా సరే, ఈ గడ్డమీద అతిథి ద్వారం పనికిరాదు. అందరితోపాటు పరీక్ష రాయవలసిందే.

అయితే భారతదేశానికి కూడా మనవి చేయవలసినది ఒకటి ఉంది. పరస్పరత దగ్గర ఆగిపోవద్దు అని. ఇక్కడ 1964 నుంచి 1974 వరకు ఎక్కిన మెట్లు అక్కడా ఎక్కవచ్చు. అందుకు నిదర్శనం మన తెలుగు గడ్డనుంచే ఉంది. హైదరాబాదులో 1983 లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు పోయారు. రక్షణ దృష్ట్యా అమెచ్యూర్లకు చాలా ఏళ్ళుగా అనుమతి లేని దీవులవి. పట్టువిడవక అనుమతి తెచ్చుకొని పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషను పెట్టారు. అది వట్టి సరదా యాత్ర. ప్రపంచంలోని అమెచ్యూర్లు ఆ దీవులతో మాట్లాడాలని ఉబలాటపడుతున్నారు, అంతే. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు తెగిపోయిన ఆ వేళ, సరదా కోసం కట్టిన ఆ తీగే దీవులలో చిక్కుకొన్నవారి క్షేమసమాచారం ఒడ్డుకు చేర్చింది. ప్రమాదం అనుకొని చాలా ఏళ్ళు మూసి ఉంచిన తలుపు, తెరిచిన నెలలోనే ప్రాణాలకు అక్కరకు వచ్చింది. 2006 లో అదే పోర్ట్ బ్లెయిర్‌లో జరిగిన అమెచ్యూర్ల సమావేశానికి విదేశీయులు కూడా వచ్చి మాట్లాడారు.

ఆపదవేళ మాట వచ్చింది గనుక ఒక పోలిక చెప్పి ముగిస్తాను. ఇక్కడి ఆసుపత్రుల అత్యవసర విభాగానికి ఎవరు వచ్చినా, పౌరుడా కాడా, డబ్బున్నదా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే నిలబెట్టాలని 1986 లో చట్టం వచ్చింది. అమెచ్యూర్ నియమావళిలోనూ దాని కవలపిల్ల వంటి నియమం ఒకటి ఉంది. మనిషి ప్రాణం తక్షణ ప్రమాదంలో ఉండి, మామూలు దారులు లేనప్పుడు, అందుబాటులో ఉన్న ఏ రేడియో మార్గాన్నైనా వాడుకోవచ్చు. నియమావళిలోని ఏ నియమమూ అడ్డురాదు. రెండు చట్టాలూ వేరువేరు మనుషులు వేరువేరు పనులకు రాసినవి. అయినా రెండింటి అడుగునా ఉన్నది ఒకటే నమ్మకం. మనుషులను ఇంటివాడు, అతిథి, పరాయి అని విడదీయడం శాంతికాలపు సదుపాయం మాత్రమే. దాని చోటు దానికి ఉంది గాని, అది మనిషితనానికి కొలత కాదు.

అనుభవానికి పనికివచ్చే మాట కూడా చెప్పాలి గదా. మన ఇళ్ళలో చదువుకొని కూడా వీసా కారణంగా ఉద్యోగం చేయలేని గృహిణులున్నారు. ఈ లైసెన్సుకు డబ్బు పుచ్చుకోకూడదన్న నియమం ఉన్నది గనుక, ఉద్యోగపు అనుమతికీ దీనికీ ముడి లేదు. పరీక్షకు వయసు పరిమితి లేదు. ఆరు నెలలు ఉండడానికి వచ్చి, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చొనే మన అమ్మానాన్నలు కూడా, ఇంగ్లీషు చదవగలిగితే, రాయవచ్చు. అయితే దీనిని ఉచిత టెలిఫోను అనుకోవద్దు. లైసెన్సు లేనివారి కబుర్లు దేశాల మధ్య చేరవేయడానికి, అందుకు ప్రత్యేక ఒప్పందం ఉన్న దేశాలతోనే వీలు. ఇక్కడ మాట్లాడే హక్కు ఎవరి పరీక్షతో వారు సంపాదించుకోవలసినదే.

మన సంఘంలో నలుగురు ముందుకు వస్తే, ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో కూర్చొని ప్రశ్నలు కలిసి చదువుకొందాము. కాఫీ మా బాధ్యత. నా వాదంలో లోపం కనిపించినవారు, ముఖ్యంగా పుట్టుకకూ హక్కుకూ సంబంధం లేదన్న నా మాట ఒప్పుకోనివారు, తరువాతి సంచికకు తమ అభిప్రాయం రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. పేరు మాత్రం దాచవద్దు.